నెమ్మది ఆంజనేయుడు కూర్చున్న కథ

నెమ్మదివలస మెట్ట దగ్గర బస్సు దిగిన యాత్రికులకు ముందు కనిపించేది గోపురం కాదు, కుంటుకుంటూ నడిచే జనం. మోకాలికి పట్టీ వేసుకున్న కబడ్డీ ఆడపిల్లలు, చెయ్యి మెడకు వేలాడగట్టుకున్న బరువులెత్తేవాళ్ళు, పోలీసు ఉద్యోగానికి పరుగు తీస్తూ మడమ మెలిపెట్టుకున్న కుర్రాళ్ళు మంగళవారం నాడు ఈ దారి నిండా ఉంటారు. ఇదేదో ఆసుపత్రి దారి అనుకుని వెనక్కి తిరిగిపోయిన యాత్రికులు కూడా ఉన్నారు. కంగారు పడవద్దు. దారి ఇదే.

ఏ ఊళ్ళో చూసినా ఆంజనేయస్వామివారు నిలబడి ఉంటారు, లేదంటే కొండ పట్టుకుని ఎగురుతూ ఉంటారు. ఇక్కడ కూర్చుని ఉంటారు. చేతిలో గద లేదు, కొండ లేదు. ఒక పెద్ద నల్లని గుండ్రాయికి ముందువైపు పెచ్చు ఊడిన చోట, మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని, పొలంలో పని ముగించి గట్టు మీద కూలబడిన రైతులాగా నిదానంగా కూర్చుని దర్శనమిస్తారు. ఈ రూపానికి ఉలి తగల్లేదు. స్వామివారి కింద పానవట్టం ఉండదు, పీఠం ఉండదు. తవుడు ఉంటుంది. అవును, బియ్యం దంచితే వచ్చే తవుడే.

గుడి ముందు పందిట్లో చిన్నదాని నుంచి పెద్దదాని వరకు రాతిగుండ్లు వరసగా ఉంటాయి. ఒక్కొక్క గుండు కిందా తవుడు పరిచి ఉంటుంది. భక్తులు తమకు చేతనైన గుండును ఎత్తి, మళ్ళీ చప్పుడు కాకుండా దాని చోట పెట్టాలి. ఇక్కడి మొక్కుబడి అంతే. అర్చకులు అటు తిరిగి నిలబడి చెవితో మాత్రమే చూస్తారు. చప్పుడు వినిపిస్తే ‘మళ్ళీ’ అంటారు. వినిపించకపోతే ఒక ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్న ఏమిటో ఇప్పుడు చెప్పను. ముందే చెప్పేస్తే ఈ పుస్తకం బస్సు సీటు మీద వదిలేసి దిగిపోతారని నాకు తెలుసు. ఈ గుడిలో కొబ్బరికాయను కూడా నేలకేసి కొట్టరు. కత్తితో నెమ్మదిగా పగలదీస్తారు.

ఈ స్థలపురాణం రాయమని దేవస్థానంవారు నన్ను అడగడానికి కారణం నా పాండిత్యం కాదు. నేను హైస్కూల్లో డ్రిల్లు మాష్టారుగా పనిచేసినవాణ్ణి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో నా ఈల విని పరుగెత్తని వాళ్ళు తక్కువ. ఆటల దేవుడి కథ ఆటల మాష్టారే రాయాలన్నారు, రాస్తున్నాను. తప్పులుంటే నావి, ఒప్పులుంటే స్వామివారివి.

పూర్వం ఇక్కడ నెమ్మది అన్న మాటే ఎరగరు. అప్పట్లో ఊరి పేరు గుండువలస. ఇప్పుడు గుడి ఉన్న చోట తాలింఖానా, అంటే కసరత్తుశాల, ఉండేది. దానికి సూరప్పడు వస్తాదు పెద్ద. మీసం మీద నిమ్మకాయ నిలబెట్టేవాడని అంటారు, నిజమో కాదో ఆ మీసానికే తెలియాలి. కోడి కూయకముందే కుర్రాళ్ళంతా ఎర్రమట్టిలోకి దిగి దండీలు, బస్కీలు తీసేవారు. ఒళ్ళంతా నువ్వులనూనె మర్దన, ఏటి ఒడ్డున ఇసకలో పరుగు, ఆ తరవాతే గుండ్లు. 

ఇప్పటి పిల్లలు డబ్బాల్లో పొడి తెచ్చుకుని పాలలో కలుపుకు తాగుతున్నారు. తాగండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజుల్లో మాత్రం పొద్దున్నే చోడంబలి అనే రాగిజావ, కసరత్తు అయ్యాక నానిన ఉలవల గుగ్గిళ్ళు, మధ్యాహ్నం ముద్దలోకి ఉలవకట్టు, గేదెపెరుగు, సాయంత్రం నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి. ఆదివారాలు మేకకాళ్ళ పులుసు కూడా ఉండేది. స్వామివారి పుస్తకంలో ఆ పులుసెందుకని కమిటీవారు గీత కొట్టబోయారు. తిన్నది తిన్నామని చెప్పుకోవడంలో తప్పు లేదని నేనే ఉంచాను.

ఆ తాలింఖానాలో ఒక నల్లని గుండు ఉండేది. కొండ మీంచి ఎప్పుడో దొర్లి వచ్చిందంటారు. దాని పేరు స్వామిగుండు. వైశాఖమాసం పండుగనాడు దాన్ని ఎత్తినవాడే ఆ ఏటికి మగాడు. రొమ్ము మీదికి లాగి, భుజానికి ఎక్కించి, భుజం మీంచి వెనక్కి పడేయాలి. అది దబ్బున పడితే కాళ్ళ కింద నేల అదరాలి. ఎంత పెద్ద చప్పుడైతే అంత పెద్ద ఈలలు. ఎత్తడం చూడడానికి కాదు, పడేయడం వినడానికే పది ఊళ్ళ జనం వచ్చేవారు.

ఆ చప్పుడు అందరికంటే పెద్దగా చేసినవాడు తవుడు. ఇతర ప్రాంతాలవారికి ఈ పేరు వింతగా ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. అతని తల్లి ఎరకమ్మకు పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతూ వచ్చారు. చివరికి ఇతను పుట్టగానే చేటలో పడుకోబెట్టి పొరుగువారికి ఇచ్చేసి, చేటెడు తవుడు కొలిచి మళ్ళీ కొనుక్కుంది. తవుడికి అమ్ముడుపోయిన బిడ్డ మీద మృత్యువుకు మోజుండదని మావాళ్ళ నమ్మకం. అలా దక్కిన బిడ్డ పుల్లలా పెరిగాడు. సూరప్పడు ఎరకమ్మకు వరసకు అన్న. మేనల్లుణ్ణి చెయ్యి పట్టుకుని తాలింఖానాకు తీసుకుపోయాడు. ఎరకమ్మ తన నోరు కట్టుకుని కొడుక్కి ఉలవలు ఉడకబెట్టింది. పుల్ల కాస్తా దూలమైంది. తవుడికి కొన్న బిడ్డ స్వామిగుండును బంతిలా విసురుతున్నాడని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా ఎరకమ్మకు కడుపు నిండిపోయేది.

ఒక ఏడు పండుగనాడు తవుడు గుండు భుజానికి ఎక్కించాడు. జనం ఈలలు అప్పటికే మొదలుపెట్టారు. ఇంకా గట్టిగా పడాలి, పక్క ఊరికి కూడా వినపడాలి అనుకుని ఒళ్ళు మెలిపెట్టి వెనక్కి విసిరాడు. గుండు వెళ్ళి బండరాయి మీద పడింది. దాని ముందువైపు పెచ్చు ఊడి ఎగిరిపోయింది. అంత చప్పుడు ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. ఈలలు సద్దుమణిగాక చూస్తే గుండు పక్కనే తవుడు కూడా పడి ఉన్నాడు. నడుము దగ్గర ఏదో తెగిపోయినట్టయింది, కాలు కదపలేకపోయాడు. మంచం మీద వేసి ఇంటికి మోసుకుపోయారు.

కట్లు కట్టారు, ఆకులు నూరి పట్లు వేశారు, ఇసక మూటలు కాచి పెట్టారు. నెల తిరిగేసరికి లేచి గోడ పట్టుకుని నిలబడగలిగాడు గానీ చెంబెడు నీళ్ళు ఎత్తబోయినా నడుములో నిప్పు రాజుకునేది. సూరప్పడు వచ్చి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. “ఇంక నువ్వు కూకోరా అల్లుడా. చేసింది చాలు” అన్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అదే మాట. లేవకు, కూకో. కదలకు, కూకో. అందరూ ప్రేమతోనే అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా తవుడికి మాత్రం తనను బతికుండగానే పాతిపెడుతున్నట్టు ఉండేది. ఎత్తడం తప్ప అతనికి వేరే విద్య రాదు. ఎత్తలేకపోతే తను ఎవరో అతనికే తెలియడం లేదు.

ఒకనాడు తల్లి అంబలి చెంబు నోటికి అందిస్తుంటే తల పక్కకు తిప్పుకున్నాడు.

“తవుడికి కొన్నావు కదమ్మా. తవుడికే తిరిగి ఇచ్చేయ్, ఎవరైనా తీసుకుంటే” అన్నాడు.

ఎరకమ్మ చెంబు కింద పెట్టేసింది. పశువుల పాకలోకి వెళ్ళి గేదె మెడ మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చింది.

ఆ వానాకాలంలోనే ఒక తెల్లవారుజామున తవుడికి కల వచ్చింది. గడప మీద ఒక పెద్ద కోతి కూర్చుని ఉంది. దవడ వాచి ఉంది, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని మూలుగుతోంది. “నన్ను కూకోబెట్టు” అంది. అంతే, మెలకువ వచ్చేసింది. దేవుడు మన యాసలో మాట్లాడతాడా అని అడిగేవాళ్ళు ప్రతి ఏడూ ఒకరిద్దరు తగులుతారు. మా ఊళ్ళో కలలోకి వచ్చి వేరే ఊరి యాసలో ఎందుకు మాట్లాడతాడు బాబూ?

తవుడు కల చెబుతూ వాచిన దవడ అనగానే వచ్చింది ఎవరో అందరికీ అర్థమైంది. చిన్నతనంలో సూర్యుణ్ణి పండనుకుని ఎగిరి, దవడ మీద వజ్రాయుధం దెబ్బ తిని కింద పడిన దేవుడాయన. పడడం అంటే ఏమిటో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది. నడుం పట్టుకుని మూలిగాడంటే స్వామిగుండు ఉత్త రాయి కాదని, అందులో ఉన్నది సాక్షాత్తు స్వామేనని సూరప్పడు లెంపలు వాయించుకున్నాడు. ఇన్ని తరాలుగా దేవుణ్ణి ఎత్తి నేలకేసి కొట్టామా అని ఊరు ఊరంతా గుండెలు బాదుకుంది. స్వామి కూర్చోబెట్టమన్నాడు, కూర్చోబెట్టాల్సిందే అన్నారు. రాతిపీఠం కట్టించి, దూలాలు అడ్డం వేసి, దేవుణ్ణి ఒక్కడు ఎత్తకూడదని పదిమంది కలిసి గుండును పీఠం మీదికి ఎక్కించి గోడవైపు ఆన్చారు. పసుపు పూశారు, దీపం పెట్టారు. ఇక మీదట ఎవరూ తాకరాదని సూరప్పడు కట్టడి చేశాడు.

మాట సరిగ్గానే విన్నారు. అర్థమే పెడదారి పట్టింది. స్వామిగుండు లేని తాలింఖానాకు కుర్రాళ్ళు రావడం తగ్గించారు. దేనికోసం దండీలు తీయాలో తెలియక అరుగుల మీద చేరారు. నైవేద్యం పులిహోర మాత్రం వేళకు వచ్చి తినేవారు. ఏడాది తిరిగేసరికి గుండువలస వస్తాదులకు బొజ్జలు వచ్చాయి.

మళ్ళీ ఒక మధ్యాహ్నం తవుడు కునుకు తీస్తుండగా కోతి వచ్చింది. ఈసారి మూలగడం లేదు, కోపంగా ఉంది. “కూకోబెట్టమంటే నన్ను కూకోబెట్టి మేపుతున్నారేట్రా” అంది. అప్పుడు స్వామివారు గొంతు తగ్గించి చెప్పిన మాట ఈ క్షేత్రానికి మూలమంత్రం. ఇప్పుడు గుడి గోడ మీద రాసి ఉన్నది అదే.

“నేను కొండ ఎత్తానని లోకమంతా పాడుతుంది. పని అయ్యాక దాన్ని తీసుకెళ్ళి దాని చోట పెట్టి వచ్చాను. అది ఎవరూ పాడరు. ఎత్తేవాళ్ళు నాకు చాలామంది దొరికారు. ఎత్తి కూకోబెట్టేవాడు ఒక్కడూ దొరకలేదు.”

తన నడుము పోయిందని, తన వల్ల కాదని తవుడు ఏడ్చాడు. గుండే ఎత్తమని ఎవరన్నారని స్వామి అడిగారు. చేతికి ఏది వస్తే అది ఎత్తు, నెమ్మదిగా పెట్టు, నేను ఎక్కడికీ పోను అన్నారు.

నిద్ర లేచి తవుడు కల సంగతి తల్లితో చెప్పాడు. ఎరకమ్మ లోపలికి పోయి చేటతో తవుడు తెచ్చి మట్టినేల మీద పరిచింది. చెంబులో నీళ్ళు పోసి ఆ తవుడు మీద పెట్టింది. కొడుకు ఎత్తాడు. జానెడు లేచేసరికి నడుము కలుక్కుమంది, అయినా వదిలెయ్యలేదు. పళ్ళు బిగించి ఆ జానెడూ నెమ్మదిగా దించాడు. విసిరినప్పుడు ఎప్పుడూ పలకని కండరాలు దించేటప్పుడు పలికాయి. ఇది నేను డ్రిల్లు మాష్టారుగా చెబుతున్నాను, నమ్మండి. మెట్లు ఎక్కినరోజు కాదు, దిగినరోజే తొడలు నొప్పి పుడతాయి. దించడంలోనే ఒంటికి అసలు చదువు ఉంది.

చెంబు తరవాత బిందె. బిందె తరవాత రుబ్బురోలు పొత్రం. పొత్రం దగ్గర చాలాకాలం ఆగిపోయాడు. కొన్నాళ్ళు పొత్రం నుంచి మళ్ళీ చెంబుకు దిగాల్సి వచ్చింది. దారిన పోయేవాళ్ళు గడపలోకి తొంగిచూసి తవుడు తవుట్లో ఆడుకుంటున్నాడని నవ్వేవారు. ఎరకమ్మ వాళ్ళను నాలుగు మాటలతో కడిగి పంపేది. చప్పుడు అయిందా లేదా అని ఆవిడే చెవి పెట్టి వినేది. తవుడు మీద పడిన ముద్ర చూసి, అంచు చెదిరితే ‘మళ్ళీ’ అనేది. అర్చకులు ఇప్పుడు అంటున్న ‘మళ్ళీ’ ఆ తల్లి నోటిదే. మెల్లిమెల్లిగా అతనికి నడుము నిలబడింది. ముందులా దూలంలా కాదు, వెదురులా, వంగి లేచేలాగా. ఒక రోజు అతనే నీళ్ళ బిందె భుజాన పెట్టుకుని ఏటి నుంచి వస్తుంటే ఎరకమ్మ వాకిట్లో నిలబడి చూసింది. ఆ రోజు ఆవిడ ఉలవలు మాడ్చేసిందట.

మళ్ళీ వైశాఖం వచ్చింది. తవుడు తాలింఖానాకు వెళ్ళి పీఠం మీది గుండును తాను ఎత్తుతానన్నాడు. సూరప్పడు అడ్డం వచ్చాడు. స్వామిని తాకితే పాపమన్నాడు. తవుడు వినకపోయేసరికి అసలు భయం బయటపెట్టాడు.

“నిన్ను తాలింఖానాకు తెచ్చింది నేను. పడేయమని ఈలలు వేసింది నేను. ఈసారి నువ్వు లేవకపోతే మీ అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పనురా?” అన్నాడు.

తవుడికీ భయంగానే ఉంది. నడుము మళ్ళీ తెగితే ఈసారి మంచమే గతి అని అతనికి తెలుసు. ఎత్తకుండా ఇంటికి వెళితే బతుకంతా అరుగే గతి అని కూడా తెలుసు.

అప్పుడు జనంలోంచి ఎరకమ్మ వచ్చింది. నెత్తి మీద గంప, గంప నిండా తవుడు. అన్నగారి మొహం చూడకుండా పీఠం ముందు నేల మీద గంప బోర్లించి చేత్తో సమంగా సర్దింది. లేచి కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

“నెమ్మదిగా, నాయనా” అంది.

తవుడు గుండును కౌగిలించుకున్నాడు. పీఠం మీంచి రొమ్ము మీదికి తీసుకున్నాడు. జనం, భుజానికి ఎక్కిస్తాడని, అలవాటు కొద్దీ నోట్లో వేళ్ళు పెట్టుకుని ఈలకు సిద్ధంగా ఉన్నారు. అతను భుజానికి ఎక్కించలేదు. రొమ్ము మీంచి పొట్ట మీదికి, పొట్ట మీంచి తొడల మీదికి, మోకాళ్ళు వంచుకుంటూ, నిద్రపోయే బిడ్డను పక్క మీద దించినట్టు దించసాగాడు. ఒక తాంబూలం నమిలేంతసేపు పట్టిందంటారు. అతని మెడ నరాలు ఉబ్బాయి, చెమట కారి కింద పరిచిన తవుడు తడిసింది. సూరప్పడు చూడలేక అటు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు.

“ఇంకా పెట్టలేదేట్రా?” అని అరిచాడు.

“పెట్టేశాను మావా” అన్నాడు తవుడు.

అతను లేచి నిలబడి ఉన్నాడు. ఎరకమ్మ గుండు కింద తవుడు చూసింది. అంచు చెదరలేదు. ఆవిడ ఆనందం పట్టలేక అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఎవరికీ ఈలలు వేయాలని తోచలేదు. అప్పుడు చూశారు గుండు ముఖం. తరతరాలుగా ఎలా పడితే అలా దొర్లిన గుండు అది. పీఠం మీద ఉన్నప్పుడు పెచ్చు ఊడిన వైపు గోడకు ఉండిపోయింది. ఇప్పుడు తవుడు చేతుల్లో జనంవైపు తిరిగి, మొదటిసారి నిదానంగా, సరైన తట్టున కూర్చుంది. పెచ్చు ఊడిన ఆ దెబ్బలోనే, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని స్వామివారు కూర్చుని ఉన్నారు. పగిలిన చోటే దర్శనం ఇచ్చారు. 

ఆనాటి నుంచి పీఠం తీసేశారు. తాలింఖానా మళ్ళీ నిండింది, ఈసారి దించడం నేర్చుకోవడానికి. తల్లి అన్న మాట స్వామికి పేరైంది, స్వామి పేరు ఊరికి పేరైంది. మా వైపు జ్వరం తగ్గినా, నొప్పి తగ్గినా నెమ్మదించింది అంటాం. నెమ్మదిగా చేస్తేనే నెమ్మదిస్తుందని ఆ రెండు అర్థాలూ కలిపి పెద్దలు నెమ్మదివలస అన్నారు. తవుడు చాలా ఏళ్ళు బతికి, ఆ తాలింఖానాకే వస్తాదయ్యాడు. 

ఇప్పటికీ వైశాఖ బహుళ దశమినాడు, హనుమజ్జయంతికి, స్వామివారి కింద కొత్త తవుడు పరుస్తారు. పాత తవుడు పశువులకు ప్రసాదం. మనుషులకు ఉలవగుగ్గిళ్ళు. పందిట్లో గుండ్ల వరసకు మొదట ఉండేది ఎరకమ్మ ఇంటి పొత్రమే. దెబ్బ తగిలి వచ్చిన వారెవరైనా, ఎన్ని పతకాలు ఉన్నవారైనా దానితోనే మొదలుపెట్టాలి. ఇక్కడ సిఫారసులు పనిచేయవు.

కిందటేడు జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. పక్క మండలంలో కుసుమ అనే పిల్ల బరువులెత్తేది. భుజం కీలు జారింది. డాక్టర్లు కట్టు విప్పాక నెమ్మదిగా మొదలుపెట్టవచ్చన్నారు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఇక ఆటలు చాలు, ఇంట్లో కూర్చో అన్నారు. ఆ మాట వినే ఆ పిల్ల ఇక్కడికి వచ్చింది. మొదటి మంగళవారం పొత్రం ఠక్కుమంది. అర్చకులు ‘మళ్ళీ’ అన్నారు. ఆ పిల్ల పందిరి స్తంభానికి ఆనుకుని ఏడ్చింది. మరుసటి మంగళవారం మళ్ళీ వచ్చింది. వాళ్ళ నాన్న మొదట గుడి బయటే సైకిల్ పట్టుకుని నిలబడేవాడు. కొన్ని వారాలకు లోపలికి వచ్చి ఆయనే తవుడు సర్దడం మొదలుపెట్టాడు.

హనుమజ్జయంతినాడు ఆ పిల్ల వరసలో చివరి గుండు దగ్గరికి నడిచింది. ఎత్తింది. పందిరంతా నిశ్శబ్దం. అర్చకులు అటు తిరిగి, కళ్ళు మూసుకుని, చెవి పెట్టి నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. చివరికి, సూరప్పడు నాటి నుంచి ఈ గుడిలో అడుగుతూ వస్తున్న ప్రశ్న, దీవెనగా మారిన ఆ ప్రశ్న అడిగారు.

“ఇంకా పెట్టలేదా తల్లీ?”

కుసుమ గుండు పక్కన నిలబడి చేతులకు అంటిన తవుడు దులుపుకుంటోంది. జవాబు వాళ్ళ నాన్న చెప్పబోయి, కూతురి వైపు చూసి ఆగిపోయాడు.

“పెట్టేశానండీ” అంది కుసుమ.

ఈ కథ చదివినవారికి, వినినవారికి, గోడ పట్టుకుని ఇప్పుడిప్పుడే నిలబడుతున్నవారికి ఆ ప్రశ్న వినే రోజు రావాలని స్వామివారిని కోరుకుంటున్నాను. గుగ్గిళ్ళు తీసుకుని వెళ్ళండి. మెట్లు దిగేటప్పుడు మాత్రం నెమ్మదిగా.